ఆ రోజు రేవుకు ఎవరూ రాలేదు

మా కాలనీని చెరువు కింది కాలనీ అంటారు. దేవరకొండకు పోయే రోడ్డు మీద బస్సు దిగి, పెట్రోలు బంకు పక్క సందులోకి తిరిగితే ముందు చెరువు కట్ట, కట్ట దిగితే మా ఇళ్లు. నూట పది ఇళ్లకు కలిపి ఒక సంక్షేమ సంఘం ఉంది. తెలంగాణ వచ్చిన మరుసటేడు పెట్టుకున్నాం. అధ్యక్షుడు రఘుపతి గారు ఆర్టీసీ డిపోలో కంట్రోలరుగా చేసి రిటైరయ్యారు. ఉపాధ్యక్షురాలు హుస్సేన్ బీ ఆపాకు కుట్టుమిషను ఉంది. కాలనీ ఆడవాళ్లందరి నడుం కొలతలు ఆమెకు నోటికి వచ్చు కాబట్టి ఆమెతో ఎవరూ గొడవ పెట్టుకోరు. కార్యదర్శిని నేను. నల్గొండలో బీఎస్సీ బాటనీ చదివాను గానీ, నన్ను ఎన్నుకున్నది అందుకు కాదు. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందట.

సంఘం ఊరికే ఉండదు. నెలకోసారి కట్ట ఊడుస్తాం. మొదటి ఆదివారం బీపీ చూసే శిబిరం పెడతాం. ఊరేగింపేదైనా బయలుదేరే టైము రఘుపతి గారే బోర్డు మీద రాసిపెడతారు. సద్దుల బతుకమ్మ నాడు 'ఐదు గంటల నలభై నిమిషాలు' అని రాసి ఉంటే, ఐదూ నలభై ఒకటికి ఆయన విజిల్ వేస్తారు. బతుకమ్మకు విజిలేందని ఒకసారి ఆపా అడిగింది. "లేకపోతే మీరంత కదుల్తరా" అన్నారాయన. నిజానికి కదలం.

ఏప్రిల్ నెలలో ఒక పొద్దున సత్తమ్మ మా వాకిట్లోకి వచ్చింది. మామూలుగా మూటతో వస్తుంది, ఆ రోజు చేతిలో తడి కాగితం ఉంది. సత్తమ్మది చాకలి పని. మా నాలుగైదు ఇళ్ల బట్టలు ఆమె సరదాకు ఉతుకుతుందనుకోవచ్చు. అసలు బతుకుదెరువు మాత్రం బస్టాండు దగ్గరి ప్రైవేటు దవాఖాన దుప్పట్లు. రోజుకు నలభై. చెరువు రేవులో ఆమెకు నాలుగు బండలున్నాయి. వాళ్ల అత్త కాలం నుంచీ ఉన్నాయి.

"లతమ్మా, జర గిది సదువు. నా బండ మీద అంటిచ్చి పోయిన్రు. గోకితే గిట్ల చినిగింది."

చదివాను. చెరువు సుందరీకరణ చేస్తారట. కట్ట మీద వాకింగ్ ట్రాక్, ఒడ్డు పొడవునా స్టీలు రెయిలింగు, పడవ షికారు, తినుబండారాల దుకాణాలు. అభ్యంతరాలు ఉన్నవాళ్లు పదిహేను రోజుల్లో మున్సిపల్ ఆఫీసు ఇంజనీరింగు సెక్షనులో తెలపాలట. కింద రంగుల బొమ్మ కూడా వేశారు. అందులో మా చెరువు పక్కన రెండు కొబ్బరిచెట్లు, వెడల్పు టోపీ పెట్టుకున్న ఒక జంట, నీళ్ల మీద తెల్లటి పక్షులు. మా జిల్లాకు సముద్రం లేదు. ఉన్న నీళ్లకే సముద్రం వేషం వేసి చూద్దామని ఎవరికో అనిపించినట్టుంది. నేను చదివింది మొక్కల గురించే గానీ, ఆ పక్షులు మాత్రం మా వైపువి కావని చెప్పగలను.

"ఇండ్ల నా బండలు ఏడున్నయి?" అంది సత్తమ్మ, పటం మీద వేలు తిప్పుతూ.

వెతికాను. తూము ఉంది, గుడి ఉంది, దర్గా ఉంది. రేవు ఉండాల్సిన చోట చుక్క గుర్తు పెట్టి 'సెల్ఫీ పాయింట్' అని రాశారు.

"అంటే ఏంది?"

"ఫోటోలు దిగే జాగా."

"దిగనీ తియ్యి. నాకేం అడ్డం? నేను తెల్లారక ముందు పోత, పది గొట్టంగ వస్త."

"అట్ల కాదు సత్తమ్మా. అక్కడ గోడ కడతారు, గోడ మీద ఇనుప కంచె. నీళ్లలోకి దిగడానికి ఉండదు."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. చేతులు పొడిగానే ఉన్నాయి.

"దవాఖానోళ్లు ఇప్పటికే అంటున్నరు, నల్గొండల మిషనోడు ఉన్నడు, ఆటోల వచ్చి తీస్కపోతడని. నేను నెల్రోజులు దుప్పట్లియ్యకపోతే ఇంక నన్ను పిలుస్తరా?"

పిలవరని నాకు తెలుసు. ఆమెకు అంతకంటే బాగా తెలుసు. అందుకే అడిగింది.

ఆ సాయంత్రమే సమావేశం పెట్టాం. రఘుపతి గారి ముఖం చూస్తే రెండు వైపులా లాగుతున్నట్టుంది. రోజుకు మూడు కిలోమీటర్లు నడవమని డాక్టరు ఆయనకు చెప్పి ఏడాదైంది. మా సందుల్లో నడిస్తే కుక్కలు ఆయనకంటే జోరుగా నడిపిస్తున్నాయి.

"ట్రాక్ అయితే మంచిదే గదా" అన్నారు మెల్లగా.

"ట్రాక్ వద్దని ఎవరన్నరు సార్?" అంది హుస్సేన్ బీ ఆపా. "కట్ట మీద ట్రాక్ ఏస్కోమను. రేవు కాడ గోడ ఎందుకు? బతుకమ్మలు ఏడ ఏస్తరు? మా పీర్లను నీళ్లకు తీస్కపోతే ఆ కంచె మీదికెళ్లి దించాల్నా? కంచెకు తాళం ఉంటే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటది, మీ దగ్గరనా?"

తాళంచెవి అనగానే రఘుపతి గారు కొంచెం ఆలోచనలో పడ్డారు గానీ, చివరికి తీర్మానం ఏకగ్రీవంగా పాసయింది. ట్రాక్ ఉండొచ్చు, రేవు తెరిచి ఉండాలి. గుండ్రంగా రాశాను.

మర్నాడు కట్ట మీద మానవహారం. అరవై రెండు మంది వచ్చారు. రఘుపతి గారు విజిల్ వేసి పది నిమిషాలు నిలబెట్టి, మళ్లీ విజిల్ వేసి వదిలేశారు. పత్రిక విలేఖరి పదకొండో నిమిషంలో వచ్చాడు. పోయినవాళ్లను పోయినంత దూరం నుంచి పిలుచుకొచ్చి మళ్లీ చేతులు పట్టించాం. రెండోసారి నలభై మందే దొరికారు, హారం తూము దాకా రాలేదు. ఫోటోలో మాత్రం పొడుగ్గానే కనిపించింది.

మూడో రోజు అర్జీ పట్టుకొని ఆఫీసుకు వెళ్లాం. రఘుపతి గారు, నేను, మా వెనకాల ఉతికిన చీర కట్టుకొని సత్తమ్మ. ఇంజనీరింగు సెక్షనులో ఏఈ అనూహ్య అని ఒక అమ్మాయి ఉంది. పాతికేళ్లకు అటూ ఇటూగా ఉంటుంది. కూర్చోమంది, మంచినీళ్లు తెప్పించింది, అర్జీ మొత్తం చదివింది. ఆఫీసులో మన కాగితం మొత్తం చదివేవాళ్లు కనబడితే నాకు భయమేస్తుంది. ఎందుకంటే ఆ తర్వాత వాళ్లు జవాబు చెబుతారు.

"సార్, రేవు రోజూ వాడుకలో ఉందని రాశారు. కాని సర్వేల అట్ల లేదు."

"సర్వే ఎవరు చేశారమ్మా?" అన్నారు రఘుపతి గారు.

"నేనే చేసిన."

బీరువాలోంచి ఒక పుస్తకం తీసి మా ముందు తెరిచింది. ఫిబ్రవరి పదిహేను, మంగళవారం. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా గంట గంటకూ గీతలు గీసి, మనుషులు, పశువులు, బండ్లు అని గళ్లు పెట్టింది. ముత్యాల్లాంటి దస్తూరి. నాకు కొంచెం అసూయ కూడా కలిగింది. పై నుంచి కింది దాకా సున్నాలు. పగలు రెండు గంటల దగ్గర మాత్రం పశువుల గడిలో ఒకటి ఉంది. పక్కన 'మేక, దాని వెంట ఒక వ్యక్తి, రేవులోకి రాలేదు' అని రాసింది. అడుగున ఇంకో మాట: 'స్థలం శుభ్రంగా ఉన్నది. బట్టలు ఉతుకుతున్న ఆనవాళ్లు లేవు.'

"పన్నెండు గంటలు గొడుగేసుకొని కూర్చున్న మేడం. ఒక్కలు రాలే. నేను చూడనిది ఎట్ల రాయను, చూసింది ఎట్ల కొట్టేయను?"

ఆమె అబద్ధం చెబుతున్నట్టు లేదు. రఘుపతి గారు ఆ పుస్తకం వైపు భక్తిగా చూస్తున్నారు. ముప్ఫై ఏళ్లు బస్సుల రాకపోకలు రాసిన మనిషి. ఇలాంటి పేజీ చూస్తే దండం పెట్టకుండా ఉండటమే కష్టం.

"నేను రోజూ పోత బిడ్డా" అంది సత్తమ్మ. "జొరమొచ్చినా పోత."

"ఆ రోజు రాలేదు కద అవ్వా."

సత్తమ్మకు ఆ రోజేదో తెలియదు. ఫిబ్రవరి అనే మాటతో ఆమెకు ఎప్పుడూ పని పడలేదు. అర్జీ తీసుకున్నట్టు ముద్ర వేయించుకొని బయటికి వచ్చాం.

దారిలో రఘుపతి గారు గొంతు తగ్గించి నాతో అన్నారు. "లతమ్మా, మనం రోజూ అని రాస్తిమి. ఆ పిల్ల పన్నెండు గంటలు కూర్చొని సున్నా అని రాసింది. రేపు విచారణల అడిగితే ఏం చెప్తం? సత్తమ్మ ఏమన్న..."

ఆయన పూర్తి చేయలేదు. సత్తమ్మ పది అడుగుల వెనక ఉంది గానీ, జీవితమంతా గిలక్కొట్టే నీళ్ల పక్కన మాటలు విన్న మనిషికి పది అడుగులు లెక్కలోవి కావు.

"లతమ్మా, నేను అబద్దమాడుతున్ననా?"

"లేదు సత్తమ్మా" అన్నాను. అన్న తర్వాత ఆలోచించాను. సత్తమ్మ అబద్ధం చెప్పలేదు. ఆ అమ్మాయీ చెప్పలేదు. రోజూ నలభై దుప్పట్లు ఉతికే రేవులో పన్నెండు గంటలు ఒక్క చుక్క నీళ్లు కూడా చెదరలేదు. సత్తమ్మ రాలేదనుకుందాం. మిగతా వాళ్లేమయ్యారు? బర్రెలేమయ్యాయి? బర్రెలు ఎవరి సర్వేకూ భయపడవు కదా.

ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి పోయాను. మా ఇంట్లో చరిత్ర అంతా గ్యాస్ పొయ్యి పక్కనున్న క్యాలెండరు మీద ఉంటుంది. గ్యాస్ మార్చిన రోజు గీత, పాలు విరిగిన రోజు ఇంటూ, మా ఆయన కోపంగా అన్నం తినకుండా పోయిన రోజు చిన్న చుక్క. చుక్కల సంగతి ఆయనకు తెలియదు. ఫిబ్రవరికి తిప్పాను. పదిహేనో తేదీ గడిలో నా రాతే, పెన్సిలుతో, నూనె మరక కింద: 'బట్టలు లేవు. స. పండగ.'

పండగ. ఏ పండగ? ఆ రోజు క్యాలెండరు వాడు ఎర్ర రంగు వేయలేదు.

పొయ్యి మీద ఏమీ పెట్టకుండానే సత్తమ్మ ఇంటికి బయలుదేరాను. వాళ్ల వాకిట్లో ఆమె భర్త ఐలేశం మేకకు తుమ్మకొమ్మ కట్టి పెడుతున్నాడు. తోడికోడలు గుర్వమ్మ గడపలో కూర్చొని వక్క నములుతోంది.

"సత్తమ్మా, మాఘమాసంలో ఒక మంగళారం నాడు నాకు బట్టలు తేలేదు. పండగ అన్నవు. ఏం పండగ?"

"ఏమున్నది, మడేలయ్య పండుగ" అంది సత్తమ్మ. "మా కులదేవుడు. ఏడాదికొక్కనాడు. ఆ దినం రేవు ఆయనది. మేం ముందునాడే బండలు తోమి, తుక్కు ఏరి, అంత కడిగి పెడ్తం. పూజ అయ్యేదాక ఎవలం కాలు పెట్టం. నీకెరుకే గద."

ఎరుకే. కాలనీలో అందరికీ ఎరుకే. ఆ రోజు బర్రెలను కూడా తూము వైపు తోలుకుపోతారు. ఏ రోజన్నది మాత్రం మాలో ఎవరం గుర్తుపెట్టుకోలేదు. సత్తమ్మ వచ్చి చెబితే సరే అంటాం, అంతే.

"మరి పూజ ఎప్పుడు చేసిన్రు?"

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గుర్వమ్మ నోట్లో వక్క పక్కకు నెట్టుకుంది.

"యేటా పొద్దుగాల చేస్తం. ఈ యేడు పొద్దు గూకినంక అయింది."

"ఎందుకు?"

"గొడుగు పిల్ల ఉండె గద" అంది గుర్వమ్మ.

నేను గడప మీద ఆమె పక్కనే కూర్చున్నాను.

"పొద్దుగాల బోనం ఎత్తుకొని పోతిమి" అంది సత్తమ్మ. "పోతే, బండ పక్కపొంటి గొడుగేసుకొని ఒక పిల్ల కూసున్నది. ఎవలో ఎరుక లేదు. సరే లేస్తది తియ్యని తుమ్మచెట్ల కాడ ఆగినం. లేస్తలేదు. ఒక బుక్కు పట్టుకొని చూస్తది నీళ్ల దిక్కు, రాస్తది. చూస్తది, రాస్తది."

"నడుమ ఫోన్ల మాట్లాడి ఏడ్సింది" అంది గుర్వమ్మ. "కండ్లు తుడుసుకునుడు నేను చూసిన."

"అండ్లనే నాకు గుండె గుబేలన్నది లతమ్మా. వయసు పిల్ల, ఒక్కతే వచ్చి నీళ్ల పక్కకు కూసోని, ఏడ్సుకుంట చీటీ రాస్తుంటె ఏమనుకోవాలె? ఇంట్ల కొట్లాడి వచ్చినట్టున్నది, మనం పోయి లేపితే ఇంకింత ఖరాబైతదేమోనని ఈనకు చెప్పిన, మేకను తోలుకొని జర దగ్గరికి పో, నడుమ నడుమ ఓ కన్నెయ్యమని."

ఐలేశం తల పంకించాడు. "నాకు ఈదొస్తది గదా అని పోయిన. మేకకు ఆడ గడ్డి లేదు. రెండు గంటలు దాన్ని ఊకె నిలబెట్టిన."

పుస్తకంలో ఒకటి అని రాసి ఉన్న ఆ మేక నా వైపు చూస్తూ తుమ్మాకు నమిలింది.

"ఒక్క మాట చెప్పొచ్చు కదా ఆమెకు, పండగ ఉంది, జరుగు అని?"

"ఏడ్సే పిల్లను లేపి పండుగ చేసుకుంటమా?" అంది సత్తమ్మ, నేనేదో తెలివి తక్కువ మాట అన్నట్టు. "వండిన బోనం సల్లారింది. ఇంటికొచ్చి మల్ల వండినం. ఆరు గొట్టంగ లేసింది. లేసి నీళ్ల దిక్కు నడిసింది. మేం ముగ్గురం ఉరికినం. కాళ్లు కడుక్కొని, చెప్పులేసుకొని పోయింది. అప్పుడు పూజ చేసినం."

వాళ్లు వస్తే లెక్క రాద్దామని ఆమె కూర్చుంది. ఆమె లేస్తే పూజ చేద్దామని వాళ్లు నిలబడ్డారు. పన్నెండు గంటలు మధ్యలో చెరువు, తుమ్మచెట్లు.

"ఆ పిల్లను ఇందాక ఆఫీసుల చూసినవు కద సత్తమ్మా. గుర్తుపట్టలేదా?"

ఆమె తుమ్మకొమ్మను మేక నోటికి అందేటట్టు జరిపింది.

"గొడుగు లేకుంటె ఎట్ల గుర్తుపడుత" అంది. తర్వాత, "మంచిగనే ఉన్నదన్నట్టు. పానం కుదుటపడ్డది" అంది.

మర్నాడు అనూహ్యకు ఈ సంగతి చెప్పడం ఎట్లా అని దారి పొడవునా ఆలోచించాను. రఘుపతి గారిని వెంట తీసుకుపోలేదు. ఏడుపు మాట ఆయన ముందు వస్తే ఆయన టైము అడుగుతారు. సత్తమ్మను తీసుకుపోయాను. క్యాలెండరు పేజీ కూడా చింపి తీసుకుపోయాను. చుక్కల గురించి అడిగితే ఏదో ఒకటి చెప్పొచ్చనుకున్నాను.

అనూహ్య మొదట క్యాలెండరు చూసింది. తర్వాత సత్తమ్మ చెప్పింది వింది. చీటీ మాట దగ్గరకు వచ్చేసరికి పెన్ను మూత పెట్టి తీసి పెట్టి తీసింది.

"మీరు... నన్ను చూసుకుంట నిలబడ్డరా? పొద్దంత?"

"మరి ఇడిసిపెట్టి పోతమా బిడ్డా."

"మా అమ్మ ఫోన్ చేసింది అవ్వా. సంబంధం చూసిన్రు, నేను వద్దన్న. అంతే. చచ్చేంత ఏం లేదు."

"వద్దంటే వద్దని గట్టిగ చెప్పు. ఏడ్సి చెప్తె సగమే వింటరు."

అనూహ్య నవ్వలేదు. పుస్తకం తెరిచి ఆ పేజీ మళ్లీ చదువుకుంది. మేక దగ్గర వేలు ఆగింది. ఐలేశాన్ని తాను రాసిన మాటల్లో వెతుక్కుంటున్నట్టుంది.

"ఇది కొట్టేయను" అంది. "ఆ రోజు ఎవరూ రాలేదన్నది నిజమే. ఇంకో రోజు కూర్చుంట. ఏ రోజో చెప్పను. ఆ రోజు చూసింది రాస్త. వాడుకలో ఉందని తేలితే, ఉన్న రేవును మూయాలంటే ఇంకో రేవు కట్టియ్యాలె, దానికి వేరే ఫైలు, వేరే అనుమతి. అంత పని పైన ఎవరూ పెట్టుకోరు. ఉన్నదాన్నే ఉండనిస్తరు."

ఈ మాట రఘుపతి గారికి చేరిన గంటలో డ్యూటీ చార్టు తయారైంది. ఐదు నుంచి ఆరు, బట్టలు: సత్తమ్మ, మరో నలుగురు. ఆరు నుంచి ఏడు, బర్రెలు. ఏడు నుంచి ఎనిమిది, కాలనీ మహిళలు, బిందెలతో. ఎనిమిది నుంచి, యువజన విభాగం, ఈత. ఆపా పేరు ఎదురుగా 'దుప్పటి ఉతుకుట, నటన' అని ఉంది.

"నేను నటన చెయ్యను సార్" అంది ఆపా. "మా ఇంట్ల నిజంగనే రెండు బొంతలున్నయి ఉతికేటివి."

సత్తమ్మకు తెలిసి మా ఇంటి మీదికి వచ్చింది. "మీరంత నా బండల మీద కూసుంటె నేనేడ ఉతకాలె? ఆ పిల్ల కండ్లు లేనిదా? బీఎస్సీ చదివినవంటవు, నువ్వన్న చెప్పు ఆ సారుకు."

ఆయనకు చెప్పడం అనవసరం. చార్టును శుభ్రంగా ఎత్తిరాసే పని కార్యదర్శిది. బ్రహ్మాండంగా రాశాను, రెండు రంగుల సిరాతో. తర్వాత దాన్ని మినిట్స్ బుక్కులో పెట్టి, బుక్కును బియ్యం డబ్బా వెనక పెట్టి, సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టడం మరచిపోయాను. మరచిపోవడం మా ఇంట్లో నాకు ఒక్కదానికే ఉన్న హక్కు.

అయితే ఏం జరుగుతుందో చూడకుండా ఉండలేకపోయాను. నడక అని పేరు పెట్టుకొని రోజూ తెల్లవారుతుండగా కట్ట మీదికి పోయాను. పదిహేనేళ్లుగా ఆ చెరువు కింద ఉంటున్నాను. రేవుకు ఎవరెవరు వస్తారన్నది అప్పుడే చూశాను. టెంట్ హౌసు వాళ్లు తివాచీలు తెచ్చి ఝాడించి పోతారు. చేపల సొసైటీ ఆయన తెప్ప అక్కడే ఒడ్డుకు లాగుతాడు. కొత్తగా అద్దెకు దిగిన ఒక జంట వచ్చి మాట్లాడుకోకుండా పది నిమిషాలు కూర్చొని పోతుంది. ఆరింటికి రఘుపతి గారు వస్తారు. అటూ ఇటూ చూసి, లాల్చీ జేబులోంచి మరమరాలు తీసి చేపలకు వేస్తారు. వేసేటప్పుడు లెక్కపెట్టరు. అంత లెక్క లేకుండా ఏ పనైనా ఆయన చేయగా చూడటం నాకు అదే మొదలు.

ఆరో రోజు అనూహ్య వచ్చింది. ఈసారి గొడుగు లేదు. నేను కట్ట దిగి పలకరించేలోపే పుస్తకంలో గీతలు గీసేసింది. సత్తమ్మ అప్పటికే మోకాలి లోతు నీళ్లలో ఉంది. వంగి, లేచి, బండకేసి కొడుతుంటే ఆ చప్పుడు అవతలి గట్టుకు పోయి కొంచెం ఆలస్యంగా తిరిగి వస్తోంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు గానీ సత్తమ్మ పని ఆపలేదు.

రఘుపతి గారు ఆరింటికి వచ్చి, ఏఈని చూసి జేబులోంచి చెయ్యి తీసేశారు. చార్టులో ఉన్నవాళ్లు ఎవరూ లేకపోవడం చూసి నా వైపు చూశారు. నేను నీళ్ల వైపు చూశాను.

"సార్, మీరు రేవుకు దేనికి వచ్చిన్రు?" అంది అనూహ్య, పెన్ను పట్టుకొని.

"నేనా? ఊరికే. పర్యవేక్షణ."

జేబు అంచున ఒక మరమరం అతుక్కొని ఉంది. అనూహ్య దాన్ని చూసింది, ఏదో రాసుకుంది.

ఎనిమిదిన్నరకు ఆమె పుస్తకం మూసి, టేపు తీసింది.

"అవ్వా, గోడ నడుమ ఎంత జాగా వదలాలె నీకు? మీటర్లల్ల చెప్పు. పటంల గీసి పంపుత."

"మీటర్లు నాకేం ఎరుక బిడ్డా. దుప్పటి పిండేంత జాగా కావాలె. ఇద్దరు పట్టుకొని ఎనకకు జరిగి పిండాలె. దుప్పట్లల్ల చెప్త, రాసుకో." ఆమె కట్ట వైపు చూసింది. "గుర్వి ఇంక రాలే. నువ్వు ఆ కొస పట్టుకో."

అనూహ్య చెప్పులు విప్పి, ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగింది. తడి దుప్పటి కొస చేతిలోకి రాగానే ఆ బరువుకు ఒక అడుగు ముందుకు తూలింది. సత్తమ్మ తిప్పింది. అనూహ్య కూడా తిప్పింది. చుక్క నీళ్లు రాలేదు. సత్తమ్మ వేసిన మెలికను ఆమె ఆ కొసనుంచి విప్పుతోంది.

"గట్ల గాదు బిడ్డా. నన్ను చూసి తిప్పకు. నీ కుడి చెయ్యి దిక్కు నువ్వు తిప్పు, నా కుడి చెయ్యి దిక్కు నేను తిప్పుత."

ఈసారి దుప్పటి తాడులా బిగిసింది. నీళ్లు ధారగా పడ్డాయి. అట్లా బిగించి పట్టుకొని మొదటి బండ నుంచి ఒక దుప్పటి పొడవు పక్కకు జరిగారు. ఒకటి. మళ్లీ జరిగారు. రఘుపతి గారు టేపు పట్టుకొని వెంట నడుస్తూ ప్రతి దుప్పటికీ ఒడ్డున ఒక రాయి పెట్టారు. నాలుగో బండ దాటేసరికి ఆరు రాళ్లయ్యాయి.

"ఆరు" అంది అనూహ్య. ముంజేతుల నుంచి నీళ్లు కారుతుండగానే పుస్తకం అందుకుంది.

"ఏడు రాయి."

"ఆరే అయినయి కద అవ్వా."

"ఇప్పుడు ఎండకాలం. వానలు పడితే నీళ్లు పైకొస్తయి, బండలు ఇటు జరుపుకోవాలె. నువ్వు ఎండకాలం చూసి రాస్తవు, నేను వానకాలం యాడికి పోవాలె?"

అనూహ్య నీళ్ల అంచును చూసింది, కట్ట రాళ్ల మీద పాత వానాకాలపు మట్టి గీత ఎంత ఎత్తున ఉందో చూసింది. ఆరు కొట్టేసి, పక్కన చిన్న సంతకం పెట్టి, ఏడు అని రాసింది. రఘుపతి గారు ఇంకో రాయి కోసం వెతకబోయారు.

సత్తమ్మకు అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. తడి చేతులు దూరంగా పెట్టి, పుస్తకం మీదికి వంగి, ఆ ఏడును బాగా చూసింది. తర్వాత మూటలోంచి ఇంకో దుప్పటి లాగి, దాని కొస అనూహ్య చేతికిచ్చింది.